దుంగ మీద చోటు, విమానంలో వాటా

మా నాయనకు ఒక విమానంలో వాటా ఉండేది. విమానంలో కాదు నాయనా, విమానాలు నడిపే కంపెనీలో అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. నేను నెల్లూరులో ఒక కాలేజీలో కామర్సు పాఠాలు చెబుతాను. కంపెనీ వేరు, వాటాదారు వేరు, కంపెనీ ఆస్తి వేరు అని ఏటేటా కొత్త పిల్లలకు బోర్డు మీద గీసి మరీ చూపిస్తాను. వాళ్లు బుద్ధిగా రాసుకుంటారు. మా నాయన రాసుకునే రకం కాదు. "వాటా ఉంటే మనదే గదమ్మణ్ణీ" అనేవాడు. అంతటితో నా పాఠం అయిపోయేది.

ఆయన్ను అని లాభం లేదు. మాది సముద్రం ఒడ్డు ఊరు. అక్కడ వాటా అంటే ఒకటే, బోటులో వాటా. నలుగురైదుగురు కలిసి ఒక బోటు దించుతారు. వాటా ఉన్నవాడు వేటకు తానన్నా పోవాలి, తన ఇంటి మనిషినన్నా పంపాలి. బోటు మొదటిసారి నీళ్లలోకి దిగే రోజున వాటాదారులందరూ భుజం పెట్టి తోయాలి. ఊళ్లో ఎవరన్నా పోతే ఆ రోజు ఏ బోటూ కదలకూడదు. ఇవన్నీ ఎక్కడా రాసి లేవు. రాయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

వాటాకు ఇంకో ఫలం కూడా ఉంది. గొడవంతా దానితోనే వచ్చింది. వలలు ఆరేసే ఇసుకలో, ఊరి కూటం జరిగే చోట, ఒక పొడుగాటి దుంగ ఉంది. ఎప్పటిదో పెద్ద పడవ అడుగుమాను. వాటా ఉన్న మగవాళ్లు దాని మీద కూర్చుంటారు. వాటా లేనివాళ్లు ఇసుకలో కూర్చుంటారు. ఇసుకలో కూర్చున్నవాడు అడిగితే తప్ప మాట్లాడకూడదు. ఆడవాళ్లు వెనకాల నిలబడతారు. మమ్మల్ని ఎవరూ అడగరు, అయినా మేం మాట్లాడతాం. దుంగ మీద ఎవరి చోటు వాళ్లదే. మా తాత కూర్చున్న చోటే మా నాయనకు వచ్చింది. తరాలుగా కూర్చోవడం వల్ల అక్కడ చెక్క నున్నబడి కొంచెం గుంట పడింది. పక్కన ఎంత ఇరుకైనా నాయన బెత్తెడు జరిగేవాడు కాదు. "జరుగు బావా" అని మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, ప్రతి కూటంలోనూ బతిమాలేవాడు. మిగతావన్నీ వినపడే నాయనకు ఆ ఒక్క మాటా వినపడేది కాదు.

ఒక ఏడు నాయన కుడి భుజం పోయింది. వల లాగుతుంటే నరం తెగింది. ఆ చేత్తో అన్నం తినగలడు, వల లాగలేడు అని నెల్లూరు ఆస్పత్రిలో తేల్చేశారు. పోనీ ఇంటి మనిషిని పంపుదామంటే ఇంట్లో ఉన్నది అమ్మా నేనూ. మా దగ్గర ఆడవాళ్లు బోటెక్కే ఆచారం లేదు. ఇక వాటా అమ్మక తప్పలేదు. కొన్నది మా మామే. నాయనకు సముద్రం పోయినందుకు అంత బాధ లేదు. ఆ రోజు కంచం ముందు కూర్చుని, అన్నం కలపకుండా, "నేను ఇసకలో కూర్చోనుమే" అన్నాడు అమ్మతో. అమ్మ చారు పోసి, కంచం ఆయన ముందుకు జరిపింది.  అంత పెద్ద మనిషి ఇసుకకు భయపడటం నేను ఎప్పుడూ చూడలేదు.

సరిగ్గా అప్పుడే మా ఊరికి రొయ్యల పెద్దమనిషి వచ్చాడు.

ఆయన సంగం వైపు వరి రైతుల బిడ్డ. వరిలో ఏం లేదని తీరానికి వచ్చి రొయ్యల గుంటలు తవ్వాడు. రొయ్యలు ఆయన్ను బాగా చూసుకున్నాయి. గుంటల తర్వాత ఐసు ఫ్యాక్టరీ పెట్టాడు, ఐసు తర్వాత లారీలు కొన్నాడు. లారీల తర్వాత ఏం కొనాలో తోచక విమానాల కంపెనీ పెట్టాడు. పొద్దున రొయ్యలు, మధ్యాహ్నం మనుషులు అన్నది ఆయన పథకం. రొయ్యలు దిగిన వాసనలో మనుషులు ఎలా కూర్చుంటారని ఎవరూ అడగలేదు, ఎందుకంటే మా తీరంలో అదొక వాసన కింద లెక్కే కాదు. మైకు కట్టిన వ్యానులో ఊరూరా తిరిగి, "మన తీరం, మన విమానం, అందరూ యజమానులే" అని చెప్పాడు. మా ఊళ్లో దుంగ పక్కన నిలబడి ఇంకో మాట కూడా అన్నాడు. "దీంట్లో వాటా ఉంటే వేటకు పోనక్కర్లేదు, మనిషిని పంపనక్కర్లేదు, ఇంట్లో కూర్చోని యజమాని అనిపించుకోవచ్చు!" ఆయన నవ్వించడానికే అన్నాడు. అందరూ నవ్వారు కూడా. మా నాయన ఒక్కడే నవ్వలేదు.

బోటు వాటా అమ్మిన సొమ్మంతా విమానంలో పెట్టేశాడు. నేను నెల్లూరు నుంచి ఫోనులో అరిచాను. అమ్మ ఇంట్లో అరిచింది. ఎవరెంత అరిచినా ఆయన, "మూడేళ్లయినా ఆరేళ్లయినా లాభం రాకపోతే పోనీమ్మణ్ణీ, యజమానిని గదా" అన్నాడు. నేను క్లాసులో చెప్పే ఏ పాఠంలోనూ ఈ రకం మదుపరి ఉండడు.

తర్వాతి కూటంలో నాయన పోయి దుంగ మీద తన చోట్లో కూర్చున్నాడు. మామ లేచి నిలబడి అభ్యంతరం చెప్పాడు. వాటా కొన్నది తనే కాబట్టి ఆ ఖాళీ చోట్లోకి కాస్త కాళ్లు చాపుకోవచ్చని ఆయన ఆశ. మా ఊరి పెద్దకు అప్పటికే బాగా వయసైపోయింది. అందరూ పెద్దాయనా అంటారు. ఆయన విషయం విని, విమానం బోటు లెక్కలోకి వస్తుందా రాదా అని విచారణ మొదలుపెట్టాడు.

"నీళ్ల మీద పోయేదా అది?"

"గాలి మీద పోయేది పెద్దాయనా."

"మనుషుల్ని ఎక్కించుకోని పోయి మళ్లా తెస్తాదా?"

"తెస్తాదంట."

"ఒకేళ తిరిగి రాకపోతే ఇంటికాడ ఆడోళ్లు ఏడస్తారా?"

"ఏడవరా మరి!"

"అయితే బోటే" అన్నాడు పెద్దాయన.

ఇంతకంటే మంచి నిర్వచనం నేను ఏ చట్టంలోనూ చదవలేదు. మామ మాత్రం వదల్లేదు. "బోటే అనుకుందాం. మరి బావ భుజం పెట్టి తోసినాడా దాన్ని?" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్నే. కూటం ఆలోచించి, విమానం మొదటిసారి ఎగిరే రోజున నాయన వెళ్లి భుజం పెట్టి తోసి రావాలని, అప్పటిదాకా దుంగ మీద ఊరికే కూర్చోవచ్చు గానీ మాట్లాడకూడదని తీర్మానించింది.

పొరుగు జిల్లాలో ఉన్న విమానాశ్రయానికి నేనే తోడు వెళ్లాను, వద్దనుకుంటూనే. రొయ్యల పెద్దమనిషి కొంతమంది వాటాదారులను పూజకని విమానం దగ్గరదాకా పంపించే ఏర్పాటు చేశాడు. తెల్లటి విమానం తోక మీద నారింజ రంగు రొయ్య మీసాలు చాచుకుని ఉంది. నాయన దాన్ని చూసి, "రంగు బాగా పట్టించినారు" అన్నాడు. గూడూరు నుంచి తెచ్చిన నిమ్మకాయలు సంచిలోంచి తీసి చక్రాల కింద పెట్టబోతే ఒక అధికారి పరుగెత్తుకొచ్చి లాక్కున్నాడు. నాయన వాటికి పట్టు పట్టలేదు. నేరుగా చక్రం దగ్గరికి వెళ్లి, ఎడమ భుజం సవరించుకుని, "ఎటు తోయాలి సార్?" అని అడిగాడు.

"విమానాన్ని ఎవరూ తోయకూడదండీ" అన్నాడు అధికారి.

"ముందు నిలబెట్టిన ఆ ట్రాక్టరు తోస్తాదంట గదా. దానికేమన్నా వాటా ఉందా?"

అధికారి నా వైపు చూశాడు, చదువుకున్న మొహంలా కనబడి ఉంటుంది. నేను మేఘాల వైపు చూశాను. ఇంతలో జనం ఎక్కడం పూర్తయి, తలుపు మూశారు. తలుపుకు ఆనించిన మెట్లబండిని పక్కకు తీయాలి. అంటే చక్రాల మీద నడిచే పెద్ద ఇనప మెట్ల వరస, దాని పక్కన కూడా అదే రొయ్య బొమ్మ. ఇద్దరు పనివాళ్లు దాన్ని కదిలిస్తున్నారు. ఎక్కడో ఒక చక్రం బిగుసుకుంది. నాయన ఎవరినీ అడగలేదు. వెళ్లి ఎడమ భుజం ఆనించి, మా వాళ్లు బోటు తోసేటప్పుడు వేసే కేకే వేసి ఒక్క తోపు తోశాడు. మెట్లబండి కదిలింది. అది కదిలింది కాబట్టే విమానం కదిలింది. చప్పట్లు కొట్టింది రొయ్యల పెద్దమనిషి ఒక్కడే.

కూటంలో మామ, "మెట్లు తోస్తే విమానం తోసినట్టా?" అన్నాడు.

"మెట్లు తీయకపోతే అది కదుల్తాదా?" అని అడిగాడు పెద్దాయన.

"కదల్దు."

"అయితే తోసినట్టే."

నాయన దుంగ మీద కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడాడో ఎవరికీ గుర్తులేదు. మాట్లాడటమే ముఖ్యం.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఊళ్లో బోటు నడిపే ముసలి సరంగు ఒకడు పోయాడు. బోట్లన్నీ ఒడ్డున నిలిపేశారు. నాయన పై కండువా వేసుకుని వరండాలో కూర్చుని, ఎప్పుడూ లేనిది నా ఫోను అడిగి, విమానాల కంపెనీకి ఫోను కలపమన్నాడు. ఎందుకని అడిగితే, "యజమానిని నేను చెప్పకపోతే ఎవురు చెప్తారు?" అన్నాడు. కలిపాను. ఏం జరుగుతుందో చూడాలని నాకూ ఉంది. అవతల ఒక అమ్మాయి తియ్యగా నమస్కారం చెప్పింది.

"అమ్మా, మా ఊళ్లో పెద్ద సరంగు పోయినాడు. ఈ పొద్దు విమానం తీయొద్దండి."

"సార్, మీ బుకింగ్ నంబరు చెప్తారా?"

"బుకింగ్ ల్యా. వాటా ఉండాది. శవాన్ని ఎత్తిందాకా తీయొద్దు, అంతే. రేపు తీసుకోండి."

"మీ సమస్య నమోదు చేసుకున్నాను సార్. ఇంకేమైనా సహాయం కావాలా?"

"వొద్దమ్మా, ఇంతే" అని నాయన ఫోను నాకిచ్చాడు.

ఆ మధ్యాహ్నం విమానం నిజంగానే ఎగరలేదు. టీవీలో కింద అక్షరాలు పరుగెత్తాయి, సాంకేతిక కారణాల వల్ల రద్దు అని. ఊరంతా మా ఇంటి ముందుకు వచ్చి చూసింది. చనిపోయిన సరంగు కొడుకు నాయన రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. "మా నాయన కోసం విమానం ఆపినావే" అన్నాడు. నేను నోరు తెరవబోతే అమ్మ నా కాలు తొక్కింది.

అక్కడినుంచి నాయన గౌరవానికి హద్దు లేకుండా పోయింది. కంపెనీకి మాత్రం ఆ రోజు నుంచే రోజులు బాగాలేవు. వారంలో రెండు మూడు సార్లు విమానం రద్దయ్యేది. మా ఊళ్లో దానికీ ఒక వివరణ దొరికింది. తీరం పొడుగునా ఊరూరా వాటాదారులు ఉన్నారు కాబట్టి, ఈ రోజు ఏదో ఒక ఊళ్లో ఎవరో ఒకరు పోయి ఉంటారు. విమానం రద్దైందని టీవీలో వస్తే చాలు, ఆడవాళ్లు "పాపం, ఏ ఊరోళ్లో" అని నిట్టూర్చేవాళ్లు. నెల్లూరులో నా తోటి లెక్చరర్లు అదే వార్త చూసి కంపెనీని తిట్టేవాళ్లు. రెండు ఊళ్లలోనూ నేనే ఉన్నాను, రెండు చోట్లా తల ఊపాను.

రొయ్యల పెద్దమనిషి గుంటల్లో తెగులు తగిలింది. ఆయన విమానాల కంపెనీలో పెద్ద వాటా హైదరాబాదులో రోడ్ల కాంట్రాక్టులు చేసే ఒకాయనకు ఇచ్చేశాడు. కాంట్రాక్టరుకు రొయ్య అంటే అసహ్యం, శాకాహారి. తోక మీద రొయ్య పోయి నీలం నెమలి వచ్చింది. నాయన పేపర్లో బొమ్మ చూసి, "కొత్త రంగు వేసినారు. ఏడాదికొకసారి ఎయ్యాల్సిందే, లేకపోతే ఉప్పు తినేస్తాది" అన్నాడు. రెండేళ్లు తిరక్కుండా కాంట్రాక్టరు దాన్ని సముద్రం అవతలి దేశంలో ఒక కంపెనీకి అమ్మాడు. నెమలి పోయి తెల్లటి తోక మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. ఈసారి నాయనకు అనుమానం వచ్చింది.

"ఆ కంపెనీ ఎవురిది?"

"ఇంకో కంపెనీది నాయనా."

"అదెవురిది?"

"దాని మీద ఇంకోటి ఉంది."

"మనిషి యాడ ఉండాడమ్మణ్ణీ? బోటన్నాక యాడో ఒక తావన మనిషి ఉండాల గదా!"

ఈ ప్రశ్నకు నా దగ్గర చక్కటి సిద్ధాంతం ఉంది, ఒక గంట సేపు చెప్పగలను. జవాబు మాత్రం లేదు.

ఒక రోజు పొద్దున్నే విమానాలు లేకుండా పోయాయి. కంపెనీ మూతపడిందని టీవీలో చెప్పారు. ఆ సాయంత్రమే కూటం పెట్టారు. నేను సెలవు పెట్టి వెళ్లాను. నాయన దుంగ మీద తన చోట్లోనే ఉన్నాడు గానీ అంచున, ఎప్పుడు లేవమంటారో అన్నట్టు కూర్చున్నాడు. మామ ఈసారి అరవలేదు, తలవంచుకుని ఉన్నాడు. ఆయనకూ బావ మీద జాలి పుట్టింది.

మా దగ్గర పోయిన బోటుకు ఒక న్యాయం, అమ్మిన బోటుకు ఒక న్యాయం. పెద్దాయన గొంతు సవరించుకుని మళ్లీ చెప్పాడు. "అమ్ముకున్న బోటైతే ఆ పొద్దే దుంగ దిగాల. సముద్రం తీసుకున్న బోటైతే దిగబళ్లా, బతికినన్నాళ్లూ చోటు వానిదే. అయితే ఒడ్డుకు కొట్టకొచ్చిన చెక్క పలక ఒకటన్నా ఇంటి మనిషి తెచ్చి కూటంలో పెట్టాల. తెచ్చిన మనిషికి ఆయన తర్వాత ఆ చోటు." అందరికీ తెలిసిందే. ఆయన ఎప్పుడూ మొత్తం చెబుతాడు. తర్వాత వెనక్కి తిరిగి నన్ను ముందుకు రమ్మన్నాడు. "అమ్మణ్ణీ, చదువుకున్నదానివి. దీన్ని ఎవురు ఎవురికి అమ్మినారు, ఇప్పుడు విమానాలు యాడ ఉండాయి, మొదట్నుంచీ చెప్పు."

చెప్పాను. రొయ్యల పెద్దమనిషి, కాంట్రాక్టరు, అవతలి దేశం, కంపెనీ పైన కంపెనీ. జనం కథ విన్నట్టు విన్నారు. నెమలి దగ్గర కొందరు నవ్వారు. చివరికి వచ్చేసరికి నెమలి సంగతి ఇంకోసారి చెప్పాను. ఎందుకంటే మిగిలింది ఒక్క మాటే, ఆ మాట చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. కానీ పాఠం చెప్పే మనిషిని, కూటంలో అడిగితే అబద్ధం ఎలా చెప్పేది?

"విమానాలను ఎవరూ అమ్మలేదు పెద్దాయనా. అవి మొదటినుంచీ కంపెనీవి కావు. యూరప్‌లో ఒక కంపెనీ దగ్గర అద్దెకు తెచ్చారు. అద్దె కట్టలేదని వాళ్లు తీసుకుపోయారు."

అద్దె అన్న మాటకు దుంగ మీద వాళ్లందరూ ఒక్కసారి నాయన వైపు తిరిగారు. అద్దె బోటు నడిపేవాడికి మా ఊళ్లో దుంగ మీద చోటే ఉండదు, మొదటినుంచీ ఉండి ఉండకూడదు. నాయన మాత్రం నా వైపే చూశాడు. కోపంగా కాదు. అద్దె అని ముందే తెలుసా నీకు అన్నట్టు చూశాడు. తెలుసు. విమానాల కంపెనీలన్నీ అంతే. మొదటి రోజు ఫోనులో అరిచినప్పుడు ఇది కూడా చెప్పాను, అప్పుడు ఆయనకు వినపడలేదు.

పెద్దాయన నా వైపు వంగాడు. "అంతా అద్దేనా? కంపెనీకి సొంతమని ఒక్క పలకన్నా లేదా?"

"తెలియదు పెద్దాయనా."

"అయితే ఈ రెండు నెలల వేట నిషేధం అయిపోయేదాకా చూస్తాం. సొంత పలక ఒకటి తెస్తే పోయిన బోటు. తేలేకపోతే అద్దె బోటు."

నాయన లేచాడు. ఇసుకలో కూర్చుంటాడని అందరూ చూశారు. ఆయన ఇసుకలో కూర్చోలేదు. మనుషుల్ని దాటుకుంటూ వెనక్కి వచ్చి, ఆడవాళ్ల మధ్య, నా పక్కన నిలబడ్డాడు. ఆ తర్వాత జరిగిన కూటాలన్నింటిలోనూ అక్కడే నిలబడ్డాడు. ఆడవాళ్లు మొదట కొంగులు సర్దుకున్నారు, తర్వాత అలవాటుపడి, "అన్నా, ఎట్టాగూ వచ్చినావు గదా, రేపట్నుంచి చేపల గంప ఎత్తుకుంటావా?" అని ఆటపట్టించారు. నాయన నవ్వేవాడు. ఇంటికొచ్చాక నవ్వేవాడు కాదు. నాకు రొయ్యల పెద్దమనిషి మీద, కాంట్రాక్టరు మీద, యూరప్ మీద, ఆ పనికిమాలిన దుంగ మీద ఒళ్లు మండిపోయేది. ఏ రోజైనా ఎవరన్నా దాన్ని పొయ్యిలో పెడితే బాగుండు అనుకున్నాను.

నిషేధం రోజులు అయిపోవస్తున్నాయి. ఒక శనివారం మధ్యాహ్నం నెల్లూరు నుంచి బస్సులో ఊరికి వెళ్తున్నాను. ఊరి బయట హైవే పక్కన పాత ఇనప సామాన్ల అంగడి ఒకటి ఉంది. దాని ప్రహరీ గోడ మీదుగా మెట్లు కనిపించాయి. గోడ కంటే ఎత్తుగా పైకి వెళ్లి, పైన ఏ గుమ్మమూ లేకుండా ఆగిపోయాయి. నేను కండక్టరు మీద కేకలేసి బస్సు ఆపించాను. పరుగెత్తానంటే మా కాలేజీలో ఎవరూ నమ్మరు.

అంగడాయన టీ తాగుతూ, "విమానాలు ఎవరివి వాళ్లు పట్టకపోయినారు మేడం. ఆఫీసు, బల్లలు, కారు అన్నీ అద్దెవే. ఈ మెట్లబండి ఒక్కటే వాళ్ల సొంతమంట. దీన్ని ఎవరూ అద్దెకు ఇవ్వరంట" అన్నాడు. నాకు ఆయన్ను కావిలించుకోవాలనిపించింది. ఆయన ఎంత అడిగాడో, నేను ఎంతకు ఒప్పుకున్నానో ఇక్కడ చెప్పను. అమ్మ ఇది చదివించుకుని వింటుంది.

ట్రాక్టరు ట్రాలీలో పడుకోబెట్టి తీసుకొచ్చాం. దారిపొడుగునా జనం ఆగి చూశారు. నేను ముందు ఇంజను పక్కన కూర్చుని, చీర చెంగు నడుముకు బిగించి, ఎవరేమన్నా అంటే మీద పడదామన్నట్టు ఉన్నాను. ఊళ్లో ఇసుకలోకి దించగానే చక్రాలు కూరుకుపోయాయి. అప్పుడు ఎవరు మొదలుపెట్టారో గానీ, మగవాళ్లందరూ భుజాలు ఆనించి కేకలు పెడుతూ తోశారు. అందరికంటే ముందు మామ ఉన్నాడు. నాయన చూస్తూ నిలబడ్డాడు. మెట్లబండి వచ్చి దుంగ ఎదురుగా నిలిచింది.

మా ఊళ్లో బోటు ఎవరిదన్న తగవు వస్తే రంగు గీకి చూస్తారు. కొన్నవాడు పాత రంగు తీయించడు, దాని మీదే తన రంగు వేసుకుంటాడు. కత్తి పెట్టి పొర పొర లేపితే పాత యజమానులందరూ వరసగా బయటపడతారు. పెద్దాయన వలలు కోసే కత్తి తెప్పించి, వంగి, మెట్లబండి పక్కరేకు గీకడం మొదలుపెట్టాడు. తెలుపు లేచింది. కింద నీలం కనిపించింది. "నెమలి" అన్నారు జనం. ఇంకా గీకాడు. నీలం కింద నారింజ రంగు బయటపడింది, ముందు ఒక మీసం, తర్వాత రెండోది. నేను చెబితే కథలా విన్న చరిత్ర అక్కడ బొటనవేలంత మేర కనిపించేసరికి జనం నమ్మారు.

"మొదట్నుంచీ ఇది కంపెనీదే. అద్దెది కాదు" అన్నాడు పెద్దాయన. "దీన్నే గదా నువ్వు తోసింది?"

"దీన్నేనండీ" అన్నాడు నాయన. 

"అయితే బోటు పోయింది, పలక వచ్చింది. పోయి కూర్చో."

నాయన వెళ్లి తన చోట్లో కూర్చున్నాడు. నేను వెనక్కి తిరిగి ఆడవాళ్లలో కలవబోయాను. "నువ్వు యాడికి?" అన్నాడు పెద్దాయన. "పలక తెచ్చిన ఇంటి మనిషివి గదా. ఆయన తర్వాత చోటు నీది. ఇప్పట్నుంచే పక్కన కూర్చోవాల, మాటలు తెలుసుకోవాల."

జనంలో ఒక్కసారి కలకలం లేచింది. మామ లేచి, "ఆడమనిషి దుంగ మీద ఎట్టా పెద్దాయనా?" అన్నాడు. పాపం, ఆయన గొంతులో కోపం లేదు, నిజంగానే తెలియక అడిగాడు.

పెద్దాయన కత్తి ఇసుకలో తుడుచుకున్నాడు. "గాలి మీద పోయేదాన్ని బోటన్నాం. మెట్లు తోస్తే విమానం తోసినట్టే అన్నాం. ఇప్పుడు ఈ ఇనప నిచ్చెన పలక అన్నాం. ఇన్ని ఒప్పుకున్నోళ్లం, కూతురు ఇంటి మనిషి అంటే ఒప్పుకోలేమా?"

మామ మళ్లీ కూర్చున్నాడు. నా దగ్గర మాత్రం జవాబు ఉంది. ఈ దుంగ గోల నాకెందుకు, కాలేజీలో నాకు కుర్చీ ఉంది, ఫ్యాను కింద ఉంది అని చెబుదామని నోరు తెరిచాను. అప్పుడు నాయన ఎడమ చెయ్యి దుంగకు ఆనించి, నడుము కొంచెం పైకి లేపాడు.

నాయన జరిగాడు. బెత్తెడు కాదు, మనిషి పట్టేంత.

"ఇన్నేళ్లు నేను అడుక్కుంటే వినపళ్లేదే బావా నీకు!" అని మామ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నాయన నవ్వలేదు, సముద్రం వైపు చూస్తూ ఉన్నాడు. ఖాళీ అయిన చోటు పక్కది కాదు, ఆయనదే, తాత నుంచి వచ్చిన గుంట ఉన్న చోటు. నేను వెళ్లి కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ఆయన భయపడింది ఇసుకకు కాదు, తన తర్వాత అక్కడ ఎవరూ ఉండరని. నాకు అది అప్పుడు అర్థమైంది.

చెక్క ఇంకా వెచ్చగా ఉంది.